తొట్టెల కార్డు

నల్లగొండ,
28 ఆగస్టు 2023, సోమవారం

ప్రియమైన నిహారికా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఏమిటో చెప్పనా? నువ్వు పంపిన పెన్‌డ్రైవ్‌లోని ఏడు ఫైళ్లూ ఒకే బరువు ఉన్నాయి. ఒక్క బైటు కూడా తేడా లేదు. పొద్దున కళ్లు నులుముకుంటూ చూసి, మీ మామయ్య ఒకే ఫ్లాపీని ఏడుసార్లు కాపీ చేసి ఇచ్చాడేమోనని భయపడ్డాను. తరువాత చదివి తెలుసుకున్నాను. ఇవి ఫ్లాపీలో ఉన్న ఫైళ్లు కావట, ఫ్లాపీకే తీసిన అచ్చుబొమ్మలట. ఇమేజ్ ఫైళ్లు అంటారు. ఫ్లాపీ నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా బొమ్మ బరువు ఒకటే. నిండుదీ ఖాళీదీ పైకి ఒకేలా కనిపించడం ఎంత బాగుందో చూడు. దీని మీద ఒక కవిత మొదలుపెట్టాను. రెండు పాదాలు వచ్చాయి. మూడోది రావడం లేదు.

రెండో సంగతి అంత బాగా లేదు. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే 'ఈ ఫైలు పాడైంది' అంటోంది ల్యాప్‌టాప్. ఏడింటికీ అదే మాట. మా నవీద్ భయ్యా వెనుక నిలబడి చూసి, "ఖతం. తీస్కపోయి దఫన్ చెయ్యి" అన్నాడు. కానీ పాడు కాలేదు నిహారికా. ఇప్పటి కంప్యూటర్లకు సీడీల బొమ్మలు తెలుసు గానీ ఫ్లాపీల బొమ్మలు తెలియవట. తనకు తెలియనిదాన్ని పాడైందని చెప్పడం దానికి అలవాటు. ఇంటర్‌లో మన లెక్కల సార్‌ను గుర్తుచేసుకో.

హాస్టల్‌లో ఫోన్లు తీసుకున్నారని నువ్వు ఏడుస్తున్నావు. నాకైతే పండుగలా ఉంది. ఫోన్‌లో మనం "ఊఁ", "ఇగ చెప్పు" తప్ప ఏం మాట్లాడుకున్నాం? రాస్తే ఎన్ని మాటలు పడుతున్నాయో చూడు. ఈ ఏడాది నేను తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్నానని చెప్పానా? మా అబ్బా కుట్టుమిషన్ ఆపి, "కంప్యూటర్‌కు, తెలుగుకు ఏం సంబంధం బిడ్డా?" అని అడిగాడు. నీ ఏడు ఫైళ్లే నా జవాబు.

కానీ అసలు ఏం వెతకాలో నువ్వు రాయలేదు. 'బాపు ఫ్లాపీలు, తెరువు' అని రెండు మాటలు రాసి పంపావు. ఏం కావాలో చెప్పు. తెరవడం నా వంతు.

పోస్టుమ్యాన్‌ను రోజూ విసిగిస్తున్న
సబా

* * *

మహబూబ్‌నగర్,
4 సెప్టెంబర్ 2023

సబా పండితమ్మకు,

నీ కవితకు మూడో పాదం రాకపోవడమే మంచిది. మొదటి రెండూ కూడా నాకు పంపకు.

ఏం వెతకాలో చెబుతాను. మా బాపు శివకుమార్ నార్కట్‌పల్లి బస్టాండు వెనుక డీటీపీ సెంటర్ నడిపాడని నీకు తెలుసు. పెండ్లి కార్డులు, చావు కార్డులు, ఎన్నికల కరపత్రాలు టైపు చేసేవాడు. నేను పుట్టిన రెండో నెలలో హైవే మీద లారీ తగిలి చనిపోయాడని కూడా తెలుసు. నీకు తెలియనిది మా అవ్వ అనే మాట. అవ్వ అంటే బాపు తల్లి. నేను ఎదురుపడిన ప్రతిసారీ ఆమె ఒకే మాట అంటుంది.

"గీ పిల్లను జూసి నా కొడుకు మూడొద్దులు అన్నం ముట్టలే."

చుట్టాల ముందు అంటుంది. పెండ్లిళ్లలో భోజనం వడ్డిస్తూ అంటుంది. పదో తరగతి మార్కులు చూపించడానికి వెళ్లినప్పుడు కూడా మార్కులు చూసి, మిఠాయి పెట్టి, అదే మాట అంది.

అమ్మ మాత్రం నన్ను పక్కకు తీసుకుపోయి వేరే మాట చెబుతుంది. "అవ్వ మాటలు పట్టుకోకు. నీ తొట్టెలకు మీ బాపు సొంతంగ కార్డు కొట్టిండు. ఆడపిల్ల తొట్టెలకు ఊర్ల ఎవలన్న కార్డు కొడ్తరా? మీ బాపు కొట్టిండు." తొట్టెల అంటే తెలుసు కదా. పుట్టిన ఇరవయ్యొకటో రోజున పిల్లను ఊయల్లో వేసి పేరు పెడతారు. ఆ కార్డు ఒక్కటైనా చూపించమంటే, అన్నీ చెదలు తిన్నాయంటుంది. ఫ్లాపీలు బూజు పడితే మామయ్య వాటికి ఈ బొమ్మలు తీయించి ఫ్లాపీలను పారేశాడు. కాబట్టి ఆ కార్డు ఉంటే ఇందులోనే ఉండాలి.

అక్టోబర్ 14 పెత్తరమాస. పోయిన పెద్దల పేరున బియ్యం ఇవ్వడానికి మా వాళ్లంతా అవ్వ ఇంట్లో చేరతారు. నేను అందరి ముందు నిలబడి ఆ కార్డు చదువుతాను. పంతొమ్మిదేళ్లు నేను విన్నాను. ఒక్క రోజు వాళ్లు వినాలి.

నాకు మీ తెలుగు సాహిత్యం వద్దు. మా బాపు నా పేరు రాసిన ఒక్క ముక్క చాలు.

నిహారిక

* * *

నల్లగొండ,
13 సెప్టెంబర్ 2023

ప్రియమైన నిహారికా,

తెరుచుకున్నాయి. ఏడూ తెరుచుకున్నాయి.

జిప్ ఫైళ్లను విప్పే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. దానికి ఈ బొమ్మ చూపిస్తే లోపలి ఫైళ్లన్నీ అల్మారాలో సర్దినట్టు చూపించింది. నేను కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగి వచ్చాను. తరువాత ఒక ఫైలు తెరిచాను. ఏముందో తెలుసా? ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు. ఒక్క మాట కూడా మాట కాదు. పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు ఉంది.

ఆ కాలంలో తెలుగు అక్షరాలు కంప్యూటర్ లోపల తెలుగుగా ఉండేవి కావట. లోపల ఇంగ్లీషు అక్షరమే ఉండేది, దాని మీద తెలుగు అక్షరం వేషం వేసేది. ఆ వేషాన్నే ఫాంటు అంటారు. ఫాంటు లేకపోతే వేషం తీసేసిన నటుడిలా అలా నిలబడతాయి. ఆ ఫాంటు కోసం రెండు రోజులు ఇంటర్నెట్ అంతా గాలించాను. చివరికి అది మీ బాపు మొదటి ఫ్లాపీలోనే ఉంది. ఊరూరా వెళ్లి పని చేసేవాడేమో, వెంట పెట్టుకు తిరిగినట్టున్నాడు. దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసి, ఆ గజిబిజినంతా ఎంచుకొని, ఫాంటు మార్చాను. తెర మొత్తం ఒక్కసారిగా తెలుగైంది. "అమ్మీ, ఇటు రా" అని అరిచాను. అమ్మీ చేతికి పిండితో వచ్చి చూసి, "పెండ్లి కార్డు గద. గింతదానికా?" అంది.

మీ బాపు మాటలు ఎంత బాగున్నాయో నీకెలా చెప్పను? కార్డుల డిజైన్లు ఇప్పుడు తెరుచుకోవు, వాటి ప్రోగ్రాం ఎప్పుడో పోయింది. కానీ ఆయన ప్రతి కార్డుకూ మాటలు ముందు విడిగా టైపు చేసి పెట్టుకున్నాడు. అవన్నీ ఉన్నాయి. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఒక హోటలు కరపత్రానికి ఇలా రాశాడు: 'హైవే మీద ఆగని బండి ఉండొచ్చు, మా చాయ్ దగ్గర ఆగని మనిషి లేడు.' ఒక నికా కార్డును కూడా తెలుగులో రాశాడు, అది చదివితే మా అబ్బాకు కూడా తప్పు దొరకలేదు. ఇలాంటి మనిషి కూతురివి, నువ్వేమో తెలుగు వద్దంటావు.

ఇక చెప్పాల్సింది చెబుతాను. తొట్టెల కార్డు ఇందులో లేదు. ఏడింటిలోనూ ఒక్కొక్క ఫైలు తెరిచి చూశాను. ఎవరి తొట్టెల కార్డూ లేదు. మీ అమ్మ వేరే ఏదైనా కార్డును అనుకుందేమో అడుగుతావా?

నీ
సబా

* * *

మహబూబ్‌నగర్,
19 సెప్టెంబర్ 2023

సబా,

మూడు పేజీలు రాశావు. పిల్లి, కీబోర్డు, వేషం, హోటల్ చాయ్. నాకు కావలసింది చివర్లో మూడు వాక్యాల్లో రాశావు. పరీక్షలో తెలియని ప్రశ్నను చివరికి నెట్టినట్టు.

మా అమ్మ వేరే కార్డును అనుకుందా? మీ అమ్మీ నీ పుట్టిన తేదీ మరిచిపోతుందా? మా అమ్మ అబద్ధం చెప్పదు. ఆమె మొగుడు పోయిన ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా ఆ ఒక్క మాట చెప్పుకుంటూ నన్ను పెంచింది.

నీకొక మాట చెప్పనా? నీకు అబ్బా ఉన్నాడు. జనం చొక్కాలు కుట్టి కుట్టి నీకు ల్యాప్‌టాప్ కొన్నాడు. నువ్వు ఏ సబ్జెక్టు తీసుకున్నావో అడగడానికి మిషన్ ఆపుతాడు. నువ్వు మా బాపు ఫ్లాపీలు తెరిచి 'ఎంత మంచి మాటలో' అని గది చుట్టూ తిరిగావు. ఆ మాటలన్నీ ఊరి వాళ్ల కోసం రాసినవి. నీకు ఊళ్లో వాళ్ల పెండ్లిళ్లు ముద్దొచ్చాయి. నేను మాత్రం మా బాపు ఇంట్లో అడుక్కుంటున్నట్టు నీ ఉత్తరాల కోసం చూస్తున్నాను.

మళ్లీ వెతుకు. దొరికేదాకా నాకు ఉత్తరం రాయకు.

నిహారిక

* * *

నల్లగొండ,
4 అక్టోబర్ 2023

ప్రియమైన నిహారికా,

దొరికింది.

ఫ్లాపీలో ఒక ఫైలును చెరిపేస్తే అది నిజంగా చెరిగిపోదట. దాని పేరులో మొదటి అక్షరం మాత్రం పోతుంది, ఆ జాగా ఖాళీ అని గుర్తు పెడతారు. ఆ జాగాలోకి ఇంకో ఫైలు వచ్చి కూర్చునేదాకా పాత మాటలు అక్కడే ఉంటాయి. నేను ఇంతకుముందు వాడిన ప్రోగ్రాం చెరిపేసినవి చూపించదు. వేరేది తెచ్చి వెతికాను. ఐదో ఫ్లాపీలో ఒక ఫైలు ఉంది. పేరులో మొదటి అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన TOTTELAలో T పోగా మిగిలింది 'OTTELA'.

ఫాంటు మార్చినప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతాయి. వాటిని చేత్తో సరిచేసి, శుభ్రంగా టైపు చేసి, మందపాటి కాగితం మీద ప్రింటు తీయించాను. దీంతో జతచేశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను.

శ్రీరస్తు. శుభమస్తు.
మా ప్రథమ సంతానమైన చి. నిహారిక తొట్టెల కార్యక్రమం వచ్చే ఆదివారం పగలు పదకొండు గంటలకు మా స్వగృహంలో జరుగును. కావున తామెల్లరూ సకుటుంబంగా విచ్చేసి, చిన్నారిని చూసి, భోజనం చేసి వెళ్లగలరు.
ఆహ్వానించువారు: నిర్మలమ్మ – శివకుమార్.

ఇంతే ఉంది. చిన్న కార్డు. నీ పేరు ఉంది, చూడు.

పెత్తరమాస రోజు దీన్ని చదివి తీరాలా? మీ అమ్మకు చూపించి, నీ దగ్గర పెట్టుకుంటే చాలదా? ఊరికే అడుగుతున్నాను. నీ ఇష్టం.

ఆరోగ్యం చూసుకో.

సబా

* * *

మహబూబ్‌నగర్,
28 అక్టోబర్ 2023

సబా,

ప్రియమైన అని రాయడానికి చేయి రాలేదు. జరిగింది రాస్తాను. నీకు మాటలంటే ఇష్టం కదా, ఎవరేమన్నారో అన్నీ రాస్తాను.

బియ్యం ఇవ్వడం అయింది. అయ్యగారు వెళ్లిపోయాడు. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. నేను నిలబడి, "బాపు నా తొట్టెలకు కొట్టిన కార్డు దొరికింది, సదువుతా" అన్నాను. బాపు తమ్ముడు, మా ఐలేశం చిన్నబాపు పప్పు గరిటె పట్టుకొని అలాగే ఆగిపోయాడు. అమ్మ సంతోషపడుతుందని ఆమె వైపు చూశాను. అమ్మ తల వంచుకొని విస్తరిని చూస్తోంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

చదివాను. 'ఆహ్వానించువారు' దగ్గర గొంతు పెంచాను కూడా.

అవ్వ నెమ్మదిగా అడిగింది. "మల్ల సదువు. ఆఖరుకు ఏమున్నది?"

"ఆహ్వానించువారు, నిర్మలమ్మ, శివకుమార్."

"ఎవలు రాసిచ్చిన్రే నీకు?"

"రాసిచ్చుడేంది అవ్వా? బాపుదే. కంప్యూటర్ల దొరికింది."

"నీ కంప్యూటర్ల బొంద. నా కొడుకు గట్ల రాయలే."

లేచి లోపలికి వెళ్లింది. బీరువాలో తన చీరల కింద నుంచి ఒక కార్డు తెచ్చింది. చుట్టూ గులాబీ రంగు అంచు, మూలకు ఊయల బొమ్మ. చెదలు తినలేదు. మడత కూడా పడలేదు. ఐలేశం చిన్నబాపు చేతిలో పెట్టి, "నువ్వు సదువురా. గీమె సదివితే మాటలు మారుతున్నయ్" అంది.

చిన్నబాపు చదివాడు. మొదటి నుంచి అన్నీ నువ్వు పంపినట్టే ఉన్నాయి. చివరికి వచ్చి ఆగాడు.

"ఆగినవేందిరా? సదువు."

"ఇట్లు, దుఃఖతప్తుడు, శివకుమార్."

 మా కౌసల్యత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకొని అంది. "సదువుకున్న పిల్ల గద. దిద్దుకొని సదివింది తియ్." అప్పుడు నవ్వారు. పెద్దగా కాదు. అన్నం కలుపుకుంటూ నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "నాకు అక్షరం ముక్క రాదు. వాని దోస్తులు సదివి నవ్వితే తెల్సింది నాకు. పిల్ల పెరుగుతాంది, దీని కంట పడొద్దని గిన్నేండ్లు దాచిన. నోటితోని అన్న గాని కాయిదం చూపియ్యలే. నువ్వే తవ్వుకున్నవ్" అంది. ఆ మాట అన్నాక నా విస్తరిలో గారె వేసింది.

బావి దగ్గర అమ్మను పట్టుకొని అడిగాను. అమ్మ చేతులు కడుక్కుంటూనే ఉంది.

"కార్డు కొట్టిండన్న. ఏం రాసిండో చెప్పలే గద."

"ఎందుకు చెప్పినవే మరి?"

"దొరకదనుకున్న బిడ్డా."

ఇదీ జరిగింది. నన్ను నిలబెట్టింది అవ్వ కాదు, నువ్వు. నువ్వు ఉన్నది ఉన్నట్టు పంపి ఉంటే నేను హాస్టల్ బాత్రూంలో ఏడ్చి, పెత్తరమాసకు పోకుండా ఉండేదాన్ని. ఒక్క మాట దిద్ది, నన్ను అందరి ముందు దొంగను చేశావు. నీకు మాటలంటే ప్రేమ కదా. నీ ప్రేమ అంటే నాకు ఇప్పుడు భయం.

కానీ ఒకటి అడగాలి. నిన్ను తప్ప ఎవరిని అడగాలో తెలియదు. నన్ను బస్సు ఎక్కిస్తూ చిన్నబాపు అన్నాడు. "అన్న పాత కార్డు తెరిచి దాని మీదనే కొత్తది కొట్టేటోడు. చావు కార్డు మీద కొట్టి, ఆఖరు లైను మార్చుడు మర్చిపోయిండు కావచ్చు. గట్ల శానసార్లు అయింది. నేను సెంటర్ల ఉన్నప్పుడే అయింది." రెండు వారాలుగా ఆ మాట పట్టుకొని తిరుగుతున్నాను. క్లాసులో కూర్చొని అదే అనుకుంటున్నాను. అది పాత కార్డు నుంచి మిగిలిపోయిన మాటే అయితే, మా బాపు ఏడవలేదు. మరిచిపోయాడు, అంతే. మరిచిపోయిన బాపు నాకు చాలు.

నువ్వు ఏడు ఫ్లాపీలూ చూశావు. అది పొరపాటేనా? ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్క వత్తు కూడా దిద్దకు. ఊహించి ఏదీ కలపకు. పొరపాటే అయితే దీపావళికి వెళ్లి అవ్వకు చెబుతాను.

నిహారిక

* * *

నల్లగొండ,
4 నవంబర్ 2023, శనివారం

ప్రియమైన నిహారికా,

నీకు చేయి రాకపోయినా నేను రాస్తాను. ఈ మాట తీసేస్తే ఈ ఉత్తరంలో నాకు ఆనుకోవడానికి ఇంకేమీ ఉండదు.

ముందు నా సంగతి. ఫైల్లో 'ఆహ్వానించువారు' లేదు. మీ అమ్మ పేరు లేదు. మీ అవ్వ దాచిన కార్డులో ఏముందో ఫైల్లోనూ అదే ఉంది. ఆ మాట తీసేసి, కొత్త మాట పెట్టి, మీ అమ్మ పేరు చేర్చింది నేను. వత్తులు ఎగిరిపోయాయని రాసింది అబద్ధం. ఒక్క వత్తు కూడా పోలేదు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మీ చిన్నబాపు మాటను నిజం చేయాలని కూర్చున్నాను. కాలేజీకి కూడా పోలేదు. ఆయన చెప్పింది చాలావరకు నిజమే. మీ బాపు పాత కార్డు మీదనే కొత్తది టైపు చేసేవాడు. రెండో ఫ్లాపీలో ఒక పెండ్లి కార్డులో వధూవరుల పేర్ల కింద 'వారి ఆత్మకు శాంతి చేకూరాలని ప్రార్థిస్తూ' అని మిగిలిపోయింది. నాలుగో దాంట్లో ఎవరో ముసలాయన పదకొండో దినం కార్డులో 'మీ రాకయే మాకు ఆనందం' అని ఉంది. నవీద్ భయ్యా అది చదివి నవ్వి నవ్వి మంచం మీద పడ్డాడు. నాకు కూడా ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంకో రెండు దొరికితే నీకు ఫోటోలతో సహా పంపాలనుకున్నాను.

తరువాత చావు కార్డులన్నీ మళ్లీ పక్కపక్కన పెట్టి చదివాను.

మిగిలిపోయిన మాట ఒకటి తెలిసిపోతుంది నిహారికా. అది తాను వచ్చిన చోటి వ్యాకరణాన్ని వెంట తెచ్చుకుంటుంది. మీ బాపు రాసిన చావు కార్డుల్లో చివర ఉన్న మాట 'దుఃఖతప్తులు'. ప్రతిదాంట్లోనూ బహువచనమే. కింద కొడుకులు, కోడళ్లు, మనవలు ఉంటారు, కాబట్టి 'లు'. ఒక్కడే మనిషి సంతకం పెట్టిన చావు కార్డు ఏడు ఫ్లాపీల్లో ఎక్కడా లేదు. చెరిపేసిన వాటిలో కూడా లేదు. అన్నీ వెతికాను.

నీ కార్డులో ఉన్నది 'దుఃఖతప్తుడు'. మీ చిన్నబాపు చదివినప్పుడు నువ్వు విన్నది అదే, నాకు రాసిందీ అదే. 'డు'. అది పాత కార్డు నుంచి మిగిలిన మాట అయితే 'లు' ఉండాలి. మరిచిపోయినవాడు ఆ మాట దగ్గర ఆగడు. మీ బాపు ఆగాడు. 'లు' తీసేశాడు, 'డు' పెట్టాడు. ఆ దుఃఖంలో మీ అమ్మను కలుపుకోలేదు, మీ అవ్వను కలుపుకోలేదు. తన ఒక్కడిదే అని వ్యాకరణం తప్పకుండా రాసుకున్నాడు.

నేను ఈ 'డు'ను అక్టోబర్‌లోనే చూశాను. పొరపాటు అనుకొని ఉంటే ఆ మాటను అలాగే పంపేదాన్ని, ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం. పొరపాటు కాదని తెలిసింది కాబట్టే దిద్దాను.

అంతా రాయమన్నావు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఆ ఫైలును తరువాత చెరిపేశాడన్నది నిజం. సిగ్గుపడి చెరిపాడో, తరువాతి పెండ్లి కార్డుకు జాగా కావాలని చెరిపాడో ఫ్లాపీలో లేదు. ఊహించి కలపవద్దన్నావు. నా దగ్గర రెండు మంచి వాక్యాలు తయారుగా ఉన్నాయి, చదివితే నీకు నిద్ర పడుతుంది. వాటిని రాయడం లేదు.

ఈ ఉత్తరం పోస్టు చేయాలని బయలుదేరితే మా అబ్బా మిషన్ మీది నుంచి తల ఎత్తి అడిగాడు. "ఏమన్న మంచి ఖబరా బిడ్డా?" కాదన్నాను. "మరి పోస్టుల ఎందుకేస్తున్నవ్?" అన్నాడు, మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను కవరు వెనక్కి తెచ్చి, విప్పి, ఈ నాలుగు మాటలు కలిపి సంచిలో పెట్టుకుంటున్నాను. నవీద్ భయ్యా మాత్రం, "పో, పో. చెప్పుతోటి కొడ్తది నిన్ను" అన్నాడు.

రేపు ఆదివారం, మీ హాస్టల్‌లో బయటివాళ్లను కలవనిస్తారు. పొద్దున మొదటి బస్సుకు దేవరకొండ మీదుగా వస్తున్నాను. గేటు దగ్గర ఈ ఉత్తరం నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా అటు తిరిగి నిలబడతాను. ల్యాప్‌టాప్ తెస్తున్నాను. నేను ఏదీ ముట్టుకోను. ఐదో ఫ్లాపీని నువ్వే తెరువు, ఫాంటు నువ్వే మార్చు, చివరి అక్షరం నువ్వే చూసుకో. ఆ తరువాత పొమ్మంటే గేటు బయటికి పోయి, సాయంత్రం బస్సు దాకా అక్కడే కూర్చుంటాను.

సబా